శాలువాకు బదులుగా ఇచ్చిన డొంక

మా ఇంటి చిరునామా నా కళ్ల ముందే మారిపోయింది. నా చిన్నతనంలో ఊళ్లో ఎవరింటికి దారి చెప్పాలన్నా ముందు మా ఇల్లు చెప్పి, అక్కణ్ణించి కుడికో ఎడమకో తిప్పేవాళ్లు. ఇప్పుడు మా ఇంటికి రావలసినవాళ్లకు ఫోనులో నేనే చెప్పుకోవాలి: "యూనివర్సిటీ రెండో గేటు దాటి, అమ్మాయిల హాస్టల్ చెత్తకుండీ దగ్గర ఎడమకు తిరగండి." ఈ మాట నేను నిటారుగా నిలబడి చెబుతాను. కూర్చుని చెప్పడం నాకిష్టం ఉండదు.

ఆ యూనివర్సిటీ ఉన్న నేలంతా ఒకప్పుడు మాదే. ఇది గొప్పకు చెప్పడం లేదు, దస్తావేజులున్నాయి. తాతగారి కాలంలో సగం పోయింది. మిగిలిన సగంలో మా నాన్నగారు రొయ్యల గుంటలు తవ్వించారు. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలు పోయాయి, వాటి వెనకే గుంటలూ పోయాయి. కొన్నవాళ్ల దగ్గర ఇంకెవరో కొన్నారు, వాళ్ల దగ్గర యూనివర్సిటీ కొన్నది. నాకు మిగిలింది ఏడు స్తంభాల వసారా ఉన్న ఇల్లు, ఒక జరీ ఉత్తరీయం, వంగని నడుము. నడుము సంగతి మా ఆవిడ ఒప్పుకోదు.

"అది వంశం కాదు. వెన్నుపూస అరిగిందని నెల్లూరు డాక్టరు చెప్పినాడు గదా" అంటుంది.

తాతగారి సగం ఎట్లా పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. శాలువాల వల్ల పోయింది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది: ఎవరైనా శాలువా కప్పితే, కప్పించుకున్నవాడు ఉత్త చేతులతో లేవకూడదు, అక్కడికక్కడే ఏదో ఒకటి ప్రకటించాలి. నాటకాలవాళ్లు శాలువా కప్పితే తాతగారు కాలవగట్టు కింద నాలుగెకరాలు ఇచ్చారు. భజన సమాజం కప్పితే మామిడితోట ఇచ్చారు. ఈ సంగతి చుట్టుపక్కల తెలిసిపోయి, బుచ్చిరెడ్డిపాలెం నుంచి కూడా జనం శాలువాలు తెచ్చేవాళ్లట. మా నాన్నగారి హయాంలో ఎడ్లబండి, పడక్కుర్చీ, ఇత్తడి గంగాళం అదే దారిన పోయాయి. నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. రిటైరైన రోజున పిల్లలు శాలువా కప్పితే నా చేతి గడియారం తీసి ఇచ్చి, టైము తెలియక బస్సు పోగొట్టుకుని నడిచి వచ్చాను.

ఇక అసలు తగాదా. మా వీధి చివరినుంచి హైవే దాకా ఒక డొంక ఉంది. బండ్లు నడిచే మట్టిదారిని మావైపు డొంక అంటారు. పది నిమిషాలు నడిస్తే బస్సుస్టాపు. వీధిలో ఇరవై ఇళ్లవాళ్లు బడికి, మార్కెట్టుకి, ఆస్పత్రికి పోయేది దానిమీదే. యూనివర్సిటీ ఈ ఏడు కొత్త హాస్టల్ మొదలుపెట్టింది. ఆ హాస్టలూ, యూనివర్సిటీ పాత భవనాలూ డొంకకు చెరోవైపు పడ్డాయి. రెంటినీ కలిపి చుట్టూ గోడ కడితే డొంక లోపలికి పోతుంది. అప్పుడు మేము కాలవ చుట్టూ తిరిగి, ముప్పావుగంట నడిచి బస్సెక్కాలి.

గోడకు ముందు తాడు వచ్చింది. డొంకకు అడ్డంగా నీలం తాడు, పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో సెక్యూరిటీ, అతని ఒళ్లో రిజిస్టరు. మొదటిరోజు పొద్దున్నే పట్టుబడింది మా ఎదురింటి అక్క. ఆమె రోజూ చేపల గంప ఎత్తుకుని నాయుడుపేట బస్సెక్కుతుంది. నాకంటే చిన్నదే, కానీ ఊరంతా అక్కా అంటారు గనుక నేనూ అంటాను.

"పేరు?" అన్నాడు సెక్యూరిటీ. చెప్పింది.

"డిపార్ట్‌మెంటు?"

"వంజరం" అంది అక్క. "నాలుగు చందువలు గూడా ఉండాయి, రాసుకో."

అతను రాసుకున్నాడు. ఆ పేజీ నేను చూశాను. ఆ కింది వరసలో నా పేరుంది, డిపార్ట్‌మెంటు దగ్గర "రిటైర్డ్" అని ఉంది, వచ్చిన పని దగ్గర "ఇంటికి" అని ఉంది. మా సొంత నేలమీద మా ఇంటికి పోతూ పని రాయించుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రం వీధంతా మా వసారాలో చేరింది. యూనివర్సిటీకి వెళ్లి మాట్లాడేది ఎవరనే ప్రశ్న వచ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను కొంచెం సేపు వద్దన్నాను, మర్యాదకు.

"నువ్వే పోవాలన్నా" అంది అక్క. "నువ్వు మాట్లాడాల్సిన పని గూడా లే. ఊరికే అట్టా కుర్చీలో కూర్చో. నిన్ను చూస్తే వాళ్లకే ఇబ్బందిగా ఉంటది, ఇచ్చేస్తారు."

మా ఆవిడ కాఫీ గ్లాసులు తీసుకుపోతూ ఆగింది. "పంపండి గానీ, ఒకటే మాట. ఆయనకి ఎవురన్నా శాలువా కప్పితే పక్కనుండి లాగెయ్యండి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "నేను వెళ్లేది సన్మానానికి కాదు" అన్నాను.

మర్నాడు జరీ ఉత్తరీయం వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. తోడు వస్తామన్నవాళ్లను నేనే వద్దన్నాను, అది నా తప్పు. రిజిస్ట్రారుగారి గది చల్లగా ఉంది. ఆయన చాలా మెత్తగా మాట్లాడే మనిషి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఈ ఊళ్లో నన్ను చూసి ఒకరు లేచి నిలబడి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. అక్కడే నేను సగం ఓడిపోయాను.

"తమరి కుటుంబం గురించి చాలా విన్నాం. ఈ క్యాంపసు తమరి పెద్దల చలవే. ఇన్నాళ్లూ తమర్ని గౌరవించుకోలేకపోవడం మా లోపం" అంటూ పక్కనున్న వాళ్లకు సైగ చేశాడు. పళ్లెం వచ్చింది. పళ్లెంలో రెండు బత్తాయిలు, మడతపెట్టిన మెరూన్ శాలువా.

నేను చెయ్యి అడ్డం పెట్టాననే నా నమ్మకం. ఫోటోలో మాత్రం చేతులు జోడించి ఉన్నాయి.

శాలువా భుజాలమీద పడింది. గదిలో చప్పట్లు. పడ్డ మరుక్షణం మా ఇంటి ఆనవాయితీ నా గొంతుదాకా వచ్చింది: ఏదో ఒకటి ఇవ్వాలి. ఏమివ్వాలి? గడియారం ఇదివరకే పోయింది. జేబులో కళ్లజోడు, బస్సుపాసు. లేచి నిలబడ్డాను, మాట్లాడటం మొదలుపెట్టాను. మా తాతగారి గురించి, వారి గుర్రపుబగ్గీ గురించి చెప్పాను. చివరికి ఏదో ప్రకటించక తప్పని చోటికి వచ్చి, నా నోటితో నేనే అన్నాను: "మీరిప్పుడు అడుగుతున్న ఆ డొంక కూడా మా తాతగారు మా సొంత నేలలో వేయించి ఊరికి వాడుకోనిచ్చిందే. మా నేల మీ చేతికి వచ్చినప్పుడే అదీ వచ్చిందనుకోండి."

రిజిస్ట్రారుగారు చప్పట్లు ఆపి, పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "రాశావా?" అన్నాడు. నేను దాన్ని కూడా గౌరవం కిందే తీసుకున్నాను.

మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. నేను శాలువాలో బాగానే ఉన్నాను. పైన హెడ్డింగు: "డొంక యూనివర్సిటీదే: స్పష్టం చేసిన దాత మనవడు."

ఆ పేపరు పట్టుకుని మా గుమ్మంలోకి ముందుగా వచ్చింది అక్కే.

"ఆ శాలువా ఎంత పొడుగుందన్నా?"

"రెండు గజాలుంటుందేమో" అన్నాను.

"మన డొంక అంతకంటే పొడుగన్నా! బేరం తెలీదా నీకు?"

మా ఆవిడ ఆ శాలువాను మడతపెట్టి, గ్యాస్ సిలిండరు కింద వేసింది.

నాలుగు రోజులు వీధిలో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడిన వాళ్లు, "ఈ చొక్కా మాదేనా, ఇది గూడా ఇచ్చేసినావా?" లాంటివి అడిగారు. అందరూ సంతకాలు పెట్టి తహసీల్దారుకు అర్జీ ఇచ్చారు. నా సంతకం అడగలేదు. నేనే వెళ్లి చివర్లో పెట్టాను.

విచారణకు తహసీల్దారు స్వయంగా డొంకకే వచ్చింది. చిన్న వయసు అమ్మాయి, ఎండకు చున్నీ తలమీద కప్పుకుంది. యూనివర్సిటీవాళ్లు షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మావాళ్లు మజ్జిగ తాగి ఎదురువైపు నిలబడ్డారు.

"సంగతి చిన్నదే" అందామె అందరికీ వినపడేట్టు. "ఊరి నక్షాలో సరిగ్గా ఈ మూల చెదలు తినేశాయి. కొత్త సర్వేలో దీన్ని పొలంలో కలిపి గీసేశారు. ఇది ఆ కుటుంబం సొంత నేల అయితే, పొలంతో పాటే అమ్ముడుపోయినట్టు, యూనివర్సిటీ గోడ కట్టుకోవచ్చు. మొదటినుంచీ ఊరి డొంక అయితే, ఎవరూ కట్టడానికి లేదు. కాబట్టి పెద్దాయన్నే అడుగుదాం."

రిజిస్ట్రారుగారు నాకు నమస్కారం పెట్టాడు. పెట్టి, పక్కనున్నవాడి చేతిలోంచి ఒక కవరు అందుకున్నాడు. కవరులోంచి అంచు మెరిసింది, ఈసారి ఆకుపచ్చ.

"సార్! ఆ కవరు దించండి!" అని అక్క అరిచింది. "మేడం, ఆయనకి ఇంకో శాలువా కప్పనీయబాకండి! ఈసారి మా ఇళ్లు గూడా ఇచ్చేస్తాడు!"

మా వీధి కుర్రాళ్లిద్దరు వచ్చి నాకు చెరోవైపు నిలబడ్డారు, కాపలాగా. తహసీల్దారు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తర్వాత కవరును తన కుర్చీ కింద పెట్టించి, "చెప్పండి సార్, ఈ డొంక మీదా?" అంది.

నేను నిటారుగానే నిలబడ్డాను. కానీ ఈ డొంక గురించి నాకు రెండు కథలు తెలుసు. ఒకటి నలుగురిలో చెప్పుకునేది, తాతగారు వేయించారన్నది. రెండోది మా నాన్నగారు పోయేముందు నాకొక్కడికే చెప్పింది. దాన్ని నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు.

"మాది కాదమ్మా" అన్నాను.

"గట్టిగా చెప్పండి, రాసుకోవాలి."

"మాది కాదు. ఎప్పుడూ కాదు. ఇది ఊరిదే. మా తాతగారు ఒక ఏడు దీన్ని పొలంలో కలుపుకుందామని దున్నించారు. ఊరివాళ్లు వచ్చి ఎడ్లు పట్టుకుని నిలబెట్టారు. పెద్దమనుషులు జరిమానా వేశారు. ఆ జరిమానా కింద ఆయనే తన ఎడ్లతో, తన మనుషులతో గులకమట్టి తోలించి దారి మళ్లీ వేయించారు. వేయించారన్నది నిజమే. మొన్న నేను యూనివర్సిటీలో చెప్పింది శాలువా కింద చెప్పిన మాట. నాది కానిది ఇచ్చాను."

వెళ్లి ఎక్కడ దాక్కోవాలా అని చూస్తున్నాను. అప్పుడు అక్క మామూలుగా, చేపల ధర చెప్పినట్టు చెప్పింది:

"ఆ ఎడ్లని పట్టుకునింది మా తాతే గదన్నా."

"నీకు తెలుసా?"

"నాకేంది, వీధిలో అందరికీ తెలుసు. మా నాయన ప్రతి దీపావళికీ చెప్పేవాడు."

"మరి ఇన్నేళ్లూ నేను బగ్గీ అనీ, దానమనీ చెబుతుంటే ఒక్కరైనా..."

"నువ్వు బాగా చెప్తావన్నా. గుర్రం వచ్చే చోట ఇంకా బాగుంటది. మాకేం పోయింది?"

రిజిస్ట్రారుగారు దగ్గి, "ఇది నోటిమాటే కదా మేడం" అన్నాడు. "మొన్న మీరు రాసుకుందీ నోటిమాటే కదా సార్" అందామె. ఊళ్లో మరో ముగ్గురు ముసలివాళ్లు ముందుకొచ్చి అదే కథ చెప్పారు. ఒకాయన ఎడ్ల రంగు కూడా చెప్పాడు. ఆమె తన ఫైల్లో రాసి, మావైపు తిరిగి చదివింది: "సదరు డొంకను పూర్వం ఆక్రమించబోగా గ్రామస్థులు అడ్డుకొనిరి. కావున ఇది గ్రామపు దారియే. గోడ కట్టరాదు, తాడు తీసివేయవలెను."

వీధంతా ఈలలు వేసింది. నేను మాత్రం ఫైలు దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఒక్క మనవి. ఆ 'ఆక్రమించబోగా' అన్నచోట 'పొరపాటున దున్నగా' అని వేస్తే బాగుంటుంది."

"ఎన్ని సాళ్లు దున్నారు సార్?"

నేను కొంచెం ఆలోచించాను. "ఆరు."

"ఆరు సాళ్లు పొరపాటున దున్నుతారా?"

"మొదటి సాలు పొరపాటే అయ్యుంటుంది."

ఆమె పెన్ను మూతపెట్టి, తెరిచి, మళ్లీ మూతపెట్టింది. "సార్, నేను ఆ మాట మార్చలేను. మీరు సంతకం పెడితేనే ఇది చెల్లుతుంది."

పెన్ను అందుకున్నాను. అంతలో హైవే మీద బస్సు హారను వినబడింది. నాయుడుపేట బస్సు. మావాళ్లంతా ఒక్కసారి కదిలారు. సెక్యూరిటీ తాడు విప్పేదాకా ఎవరూ ఆగలేదు, పిల్లలు కింద నుంచి దూరారు, పెద్దలు పైనుంచి దాటారు, అక్క గంప నెత్తిన పెట్టుకుని, "పోనీయబాక, పోనీయబాక, నిలుపు!" అని అరుస్తూ ముందు పరుగెత్తింది. నా కాపలా కుర్రాళ్లిద్దరూ కూడా పోయారు. ఒక్క నిమిషంలో డొంకంతా దుమ్ము.

షామియానా కింద నేనూ, తహసీల్దారూ, రిజిస్ట్రారుగారూ మిగిలాం. సంతకం పెట్టడానికి వంగాలి, బల్ల బాగా కిందికి ఉంది. వంగాను. నడుము పట్టేసింది. సంతకం పూర్తిచేసి పైకి లేవలేకపోతుంటే, రిజిస్ట్రారుగారే వచ్చి చంకల కింద చేతులు వేసి, మెల్లిగా, మర్యాదగా నన్ను లేపి నిలబెట్టాడు.