బార్కస్ గిన్నీ కోళ్లకు నా మీద ఏం కోపం?

మూడేళ్లుగా ఈ సంగతి చెబుతున్నాను. అందరూ నవ్వుతారు, ఒక్కరూ జవాబివ్వరు.

పొదిగించడానికి గిన్నీ కోడి గుడ్ల కోసం కరీంనగర్ నుంచి హైదరాబాద్‌లోని బార్కస్ వెళ్లాను. నాలుగు పెట్టలు ఒకే గూట్లో గుడ్లు పెట్టాయని, పొదగ్గా మిగిలినవి ఇస్తానని అక్కడ కోళ్లు పెంచే సాలెం భాయ్ ఫోన్లో మాటిచ్చాడు. నేను గేటు తీయగానే పెరట్లోని కోళ్లన్నీ ఒక్కసారిగా అరుపు అందుకున్నాయి. గడ్డిలో పొదుగుతున్న పెట్ట లేచి నిలబడింది.

"ఆగు భాయ్!" అన్నాడాయన. "ఇవి ఆఫ్రికా జాతి. అక్కడ చిరుత కనబడితే గిట్లనే అరుస్తయంట. పెట్ట బెదిరి గూడు ఇడిచిపెడితే గుడ్లన్నీ ఖరాబైతయ్. బయటికి నడువు."

"నేను చిరుతనా?"

"నీది ప్యాంటు కదా. ఈడ అందరివీ లుంగీలే. వాటికి కొత్త."

నిజమే. ఆ గల్లీలో పెళ్లికి బయల్దేరిన పెద్దమనిషి కూడా ఇస్త్రీ లుంగీలోనే ఉన్నాడు. సాలెం భాయ్ తన లుంగీ ఒకటి ఇచ్చాడు. గోడ చాటున కట్టుకుని మళ్లీ వచ్చాను. మళ్లీ అరుపులే. పెట్ట ఈసారి గూటి నుంచి రెండడుగులు వేసింది.

నేను బయటికొచ్చాక కోళ్లు సద్దుమణిగాయి. అంతలో కరెంటు మీటరు చూసేటాయన ప్యాంటు, బూట్లు, హెల్మెట్‌తో గూటి పక్కనుంచే నడిచిపోయాడు. ఒక్క కోడీ నోరు తెరవలేదు.

సాలెం భాయ్ నన్ను కిందికీ పైకీ చూశాడు. "పెట్ట వద్దంటున్నది, నేనేం చేస్త?" అని చాయ్ తాగించి, వట్టి చేతులతో పంపాడు.

లుంగీ కూడా కట్టాను. పక్షుల సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికైనా చెప్పండి. నాలో చిరుత ఎక్కడ కనబడింది?