పదిహేడు ప్రశ్నలు, ఒక జత గ్లవ్స్

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాణ్ణి వింతగా చూసే రోజులవి. మిగతావాళ్ళందరికీ మేడ్చల్ బస్టాండు వెనక మేడమీది ఇంటర్నెట్ సెంటరే దిక్కు. అక్కడ చెక్క అరలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, ఎక్కడో ఎవరో వాడి వదిలేసిన వస్తువు వేలానికి వచ్చి మన కళ్ళముందు నిలబడేది. చూడొచ్చు, ముట్టుకోలేం. నేనేమో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ని. బోల్టుల బస్తా వచ్చినా తూచి, కొలిచి, రిజిస్టర్లో ఎక్కించందే గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాదు. ఇంటికెళ్ళాక ఆ రోజు వస్తుందనుకున్న సరుకులో రానిది ఏమిటో కూడా డైరీలో రాసుకునేవాణ్ణి. అలాంటివాడు వస్తువు ముట్టుకోకుండా బేరమాడాల్సి వచ్చింది. ఇది నా యవ్వనంలో జరిగిన సంగతి. (అప్పటికి నాకు ముప్పై ఎనిమిది. దాన్ని యవ్వనమంటే మా ఆవిడ ఒప్పుకోదు. రాసేది నేను కాబట్టి ఇక్కడ ఆమె మాట చెల్లదు.)

ఆదివారాలు మా ఫ్యాక్టరీ క్రికెట్ జట్టుకు నేనే వికెట్ కీపర్ని. నా గ్లవ్స్‌కి అరచేతుల రబ్బరు అరిగిపోయి, వేళ్ళ దగ్గర కుట్లు విడిపోయాయి. బంతి అందులోకి వచ్చినట్టే వచ్చి జారిపోయేది. ఒకరోజు టీ తాగుతుంటే మా కెప్టెన్ మొహమాటపడుతూనే చెప్పేశాడు: "అన్నా, ఏమనుకోకు. అవి గ్లవ్సా, జల్లెడనా? వచ్చే నెల మ్యాచ్‌ల దాంక మంచియి తెచ్చుకుంటివా, నువ్వే నిలవడు. లేకుంటె పెయింట్ సెక్షన్ల కొత్తగ చేరినాయన ఉన్నడు, ఆయనకు సొంతయి ఉన్నయ్." ఎనిమిదేళ్ళుగా వికెట్ల వెనక వంగి నిలబడ్డవాణ్ణి, ఇక బౌండరీ గీత దగ్గర నిలబడి బంతులు ఏరుకోవాలన్నమాట. కొత్తవి కొనే స్తోమత లేదు. వేలంలో పాతవే గతి.

అయితే పాతవాటి సంగతి మా ఇంట్లో అప్పటికే ఒకసారి తేలింది. మా బామ్మర్ది అదే వేలంలో ఒక బ్యాటు కొన్నాడు. ఫొటోలో నిగనిగలాడుతూ ఉంది. పార్సిల్ వచ్చాక విప్పితే జానెడు బ్యాటు బయటపడింది, షోకేసులో పెట్టుకునేది. అమ్మినవాడికి రాస్తే, "పెద్దదని నేనెక్కడ చెప్పినయ్యా?" అని జవాబిచ్చి, ఆపైన మాయమైపోయాడు. మా ఆవిడ ఆ బ్యాటుతో చాలాకాలం పప్పు మెదిపింది.

అందుకని నేను తయారై వెళ్ళాను. మొదట కనబడిన గ్లవ్స్ ఫొటోనే ఇంకో రెండు పేర్లమీద కూడా కనబడింది, బొటనవేలు దగ్గర అదే నూనె మరకతో సహా. వదిలేశాను. రెండోవాడు, "బదిలీ అయింది, అర్జెంటు, డబ్బులు ముందు పంపండి" అన్నాడు. వాణ్ణీ వదిలేశాను. మూడో మనిషి తూంకుంటలో ఉండే ఆయన. ఆయన రాసింది ఒక్క ముక్కే: "మంచియి. నావే." నేను ఆ వస్తువు కింద పదిహేడు ప్రశ్నలు పెట్టాను. ఎప్పుడు కొన్నారు, ఎందుకు అమ్ముతున్నారు, బరువెంత, కుట్లు ఫ్యాక్టరీవా చేత్తో వేసినవా, పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి పంపగలరా, మీరు ఇంట్లో ఏ వేళల్లో ఉంటారు... రెండు రోజులకు జవాబొచ్చింది: "అన్నా, గివి గ్లవ్సా, పెండ్లి సంబంధమా? ఇంట్ల ఎప్పుడుంటరని దొంగలడుగుతరు. నాకు నీ మీదనే డౌటొస్తాంది."

జీవితంలో మొదటిసారి నన్నొకరు దొంగ అన్నారు! అయితే ఒక మేలు జరిగింది. ఆ ప్రశ్నలు అందరికీ కనబడేవి కదా, ఆ గ్లవ్స్‌లో ఏదో లోపముందని బెదిరి మిగతావాళ్ళెవరూ పాట పాడలేదు. వేలం నాకే దక్కింది. ఇద్దరికీ నమ్మకం లేదు కాబట్టి, పట్టపగలు, నలుగురిలో, శామీర్‌పేట బస్టాపులో కలుద్దామని ఒప్పందం కుదిరింది.

నేను మా బామ్మర్దిని సాక్షిగా తీసుకెళ్ళాను. సంచిలో టేపు, కొక్కేనికి తగిలించి తూచే స్ప్రింగు కాటా పెట్టుకున్నాను. అవతల ఆయన యాభై దాటిన మనిషి, కుంటుకుంటూ వచ్చాడు. పక్కన ఆయన భార్య. ఆమె చేతిలో ఒక క్రికెట్ స్టంప్.

"అదెందుకమ్మా?" అన్నాను.

"నువ్వు మంచోనివైతె దీంతోని పని లేదు బిడ్డా," అందామె.

నేను గ్లవ్స్ తీసుకుని కాటాకు తగిలించి పైకెత్తాను. సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు ఆన్చి ఆగి, "చేపలెట్లిస్తున్నవన్నా?" అన్నాడు. శామీర్‌పేట చెరువు పక్కన కాటా పట్టుకుని నిలబడితే ఎవరైనా అదే అడుగుతారు. మా బామ్మర్ది నవ్వాపుకోలేక బస్సు టైములు చదవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం చలించలేదు. లోపలివైపు తిప్పి చూశాను, పట్టేశాను! "ఈ కుట్లు ఫ్యాక్టరీవి కావు. దారం రంగే వేరు," అన్నాను, స్టోర్‌లో లారీ డ్రైవర్ని నిలబెట్టినట్టు.

"అయి నేనే కుట్టిన," అన్నాడాయన. "నేను టైలర్ని. అల్వాల్‌ల దుకాణం. ఏటా మ్యాచ్‌లు షురూ కాకముందు విప్పి మల్ల కుడత. గిప్పుడు మోకాలు వంగుతలేదు, అందుకే అమ్ముతున్న. ఇగ నీ పరీక్ష అయిపాయె గద? నా పరీక్ష ఉన్నది."

"మీ పరీక్షా?"

"మరి? ఎవని చేతులల్లకు పోతున్నయో నేను చూడొద్దా? తొడుగు."

తన సంచిలోంచి బంతి తీశాడు. బస్టాపు వెనక ఖాళీ స్థలంలో నన్ను వంగోబెట్టి, నిలబడ్డచోటు నుంచే విసరసాగాడు. మొదటి బంతి నా గ్లవ్స్ మధ్యలోంచి దూరి గుండెకు తగిలింది. రెండోది కింద పడింది. "ఈయనకెందుకిస్తున్నవయ్యా, పిడకలు చేసుకుంటందుకా?" అందామె. చూస్తున్న నలుగురూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. టేపూ కాటా ఎందుకూ పనికిరాని చోట నిలబడ్డానని అప్పుడర్థమైంది. ఈ మనిషి వద్దన్నాడంటే నా స్థానం పోయినట్టే. మూడో బంతి ఎడమవైపు పడింది. ఏమీ లెక్కవేయలేదు, ఒక్కసారిగా దూకాను. మోచేయి దోక్కుపోయింది, కానీ బంతి ఠప్పున గ్లవ్స్‌లో ఆగింది.

ఆయన దగ్గరికొచ్చి, నా వేళ్ళమీద గ్లవ్స్ సర్ది, "ఎండల పెట్టకు. తడిస్తె నీడకు ఆరేయి. కుట్టు ఊడితె నా తానకే రా, వేరేటోని చేతికియ్యకు," అన్నాడు. ఆమె స్టంప్‌ను చంకలో పెట్టుకుని నా మోచేతి మీది దుమ్ము దులిపింది.

మరుసటి నెల మ్యాచ్‌లో మూడు క్యాచ్‌లు పట్టాను. (రెండు వదిలేశాను కూడా, నిజం చెప్పాలి కదా.) ఆట చూడ్డానికొచ్చి బౌండరీ దగ్గర చెప్పులమీద కూర్చున్న టైలరన్న, ప్రతి బంతికీ, "కింద వంగు, ఇంకా కింద!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆట అయ్యాక కెప్టెన్, "ఈ సీజన్ మొత్తం నువ్వే అన్నా," అన్నాడు.

ఆ సాయంత్రం వేళ్ళన్నీ వాచి అన్నం కలుపుకోలేకపోతే మా ఆవిడ కలిపి పెట్టింది. "ముప్పై ఎనిమిదేండ్ల పోరడు," అని నవ్వింది. నోట్లో ముద్ద ఉండగానే నేను మూడో క్యాచ్ ఎలా పట్టానో చేతులు చాపి చూపిస్తున్నాను. మజ్జిగ గిన్నె ఒలికింది. ఇప్పుడు వయసు మీదపడింది, కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు చేతులూ ఆనించాలి. అయినా ఎప్పుడైనా పిల్లల బంతి గోడమీంచి వచ్చి పడితే, ఆ పోరడే ముందు లేస్తాడు. నేను వెనకాల నెమ్మదిగా వెళ్ళి కలుసుకుంటాను.