ఎర్ర చుక్క బంతులు

గోల్ఫ్ మైదానం వెనక రేకుల షెడ్డులో కర్రల మేస్త్రీ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. అరిగిన పిడి ఊడదీసి కొత్తది తొడగడం, వంగిన కర్రను బల్లకున్న ఇనుప వైసులో బిగించి సరిచెయ్యడం, ఊడిన కర్ర తలను జిగురుతో అతికించడం అతని పని. పిడి మీద అరుగుదల చూసి, ఆటగాడు బొటనవేలు ఎక్కడ పెడతాడో, కర్రను ఎంత గట్టిగా పిసుకుతాడో చెప్పేస్తాడు. పనితనానికి వంక పెట్టలేం. మనసే అనుమానాల పుట్ట. జిగురు ఎంతవరకుందో సీసా మీద పెన్సిలుతో గీత గీసి గానీ భోజనానికి వెళ్లడు. షెడ్డుకు తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు.

ఆ ఏడాది కోచ్ గారికి సహాయకుడు కావలసి వచ్చాడు. కొత్తగా చేరేవాళ్లకు కర్ర పట్టుకోవడం, ఊపడం నేర్పాలి. బయటివాళ్లు వద్దు, మైదానం పనివాళ్లలోంచే తీసుకుంటానన్నాడాయన. పరీక్ష కూడా తనే పెట్టాడు. ఏడో నంబరు కర్ర, ఇరవై బంతులు, దూరంగా రెండు జెండాలు. ఆ జెండాల మధ్య ఎవరి బంతులు ఎక్కువ పడితే వాళ్లదే పని.

"ఒక్క బంతి అద్భుతంగా కొట్టి, తర్వాతది చెట్లలోకి పంపేవాడు నాకొద్దు. ఇరవై బంతులూ ఒకేలా కొట్టేవాడు కావాలి" అన్నాడు కోచ్.

పేర్లిచ్చింది ఇద్దరే. ఒకడు మేస్త్రీ. రెండోవాడు అతని భార్య తమ్ముడు, గడ్డి కోసే బండి నడిపేవాడు. బావమరిదికి ఇది సరదా. మేస్త్రీకి సరదా కాదు. పిడులు లాగీ లాగీ వేళ్ల కణుపులు వాచిపోయాయి. పొద్దున్నే చొక్కా గుండీలు భార్య పెడితే తప్ప పడవు. ఇంకో ఏడాది పోతే పిడి కింద చుట్టిన టేపు ఒలవడానికి కూడా ఆ వేళ్లు పనికిరావు. కర్ర ఊపడానికైతే మెత్తగా పట్టుకుంటే చాలు. ఈ పని దొరక్కపోతే ఇంట్లో కూర్చోవడమే.

మొదటి వారం సాధనలో ఇరవైకి పదహారు బంతులు జెండాల మధ్య పడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలీదు. ఒకరోజు తొమ్మిది, మర్నాడు పదిహేను, ఆ మర్నాడు ఏడు. కొన్ని కుడివైపు కొట్టుకుపోతున్నాయి. కొన్ని లేవకుండా నేల మీదే పాకుతున్నాయి.

ఇంకొకరైతే తమ ఊపును శంకించేవారు. మేస్త్రీ కర్రల మనిషి కాబట్టి కర్రను శంకించాడు. వైసులో బిగించి కోణం కొలిచాడు, త్రాసులో తూచాడు, చివరికి పిడి వాసన చూశాడు. ముఖం మారిపోయింది. రెండు రోజుల క్రితం బావమరిది స్పానర్ కోసమంటూ షెడ్డుకొచ్చిన సంగతి గుర్తొచ్చింది.

ఇంటికెళ్లగానే భార్యను పట్టుకున్నాడు. ఆమెది కూడా ఆ మైదానంలోనే పని. ఆట ముగిశాక చెల్లాచెదురైన బంతులు ఏరి బుట్టలకెత్తుతుంది.

"నీ తమ్ముడు నా కర్రని ఏదో చేశాడు."

"ఏం చేశాడేంటి?"

"పిడి పెట్రోలు కంపు కొడుతోంది. వాడి బండిలో పోసేది పెట్రోలేగా!"

"నువ్వు పిడులు ఊడదియ్యడానికి లోపల పోసేదేంటయ్యా, పన్నీరా?"

పోసేది పెట్రోలే.

"నీ చొక్కా వాసన చూసుకో ఓసారి. ఉతికేదాన్ని, నాకు తెలీదా!"

"అయితే బంతులు మార్చుంటాడు" అన్నాడు మేస్త్రీ. ఒకచోట వదిలిన అనుమానాన్ని ఇంకోచోట పట్టుకోవడం అతనికి చిటికెలో పని.

మర్నాడే ఇరవై కొత్త బంతులు తీసుకుని, ఒక్కోదాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఆ రంగు తనే కలిపాడు, ఇంకెవరికీ దొరకదు. బంతుల పెట్టెకు తాళం, ఆ తాళం చెవి మొలతాడుకి. కర్రనూ వదల్లేదు. ఒకరోజు కొంచెం వంచాడు, మర్నాడు సరిచేశాడు, ఆ మర్నాడు పిడి మార్చాడు. బంతుల తీరు మారలేదు. గడ్డి బండి అటుగా వచ్చినరోజు బావమరిది ఇంజను ఆపి మరీ చూసేవాడు.

"ఏం బావా, బంతులు మాట వినట్లేదా?"

"నీ బండి సంగతి నువ్వు చూసుకో."

"నా బండి తిన్నగానే పోతోంది బావా!"

పరీక్షకు ముందురోజు సాయంత్రం భార్య షెడ్డుకొచ్చి, ఏరుకొచ్చిన ఎర్ర చుక్కల బంతుల్ని బల్ల మీద గుమ్మరించింది.

"వారం నుంచి చూస్తున్నా. సోమ, బుధ, శుక్రవారాలు మావాడు నీ పక్క గడ్డి కోస్తాడు. ఆ మూడు రోజులూ ఈ చుక్క బంతుల కోసం మైదానమంతా తిరిగి నా కాళ్లు పడిపోయాయి. మంగళ, గురువారాలు వాడు అటు చివర చెరువు దగ్గర. ఆ రెండు రోజులూ నీ బంతులు ఎవరో కుప్ప పోసినట్టు ఒక్కచోటే ఉన్నాయి."

"చూశావా! నే చెప్పలే? వాడే చేస్తున్నాడు!"

"బండి మీద కూర్చుని వాడు నీ బంతినెలా తోస్తాడయ్యా? చేస్తోంది నువ్వే. కర్ర బంతికి తగలకముందే తలెత్తి వాడేం చేస్తున్నాడా అని చూస్తున్నావు. బంతులు తగలకుండా కట్టిన వల వెనక నిలబడి రోజూ చూస్తూనే ఉన్నా."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నానని నన్నూ అనుమానించేవాడివి."

అది నిజమే. ఇప్పుడూ అనుమానించాలనే చూశాడు. కానీ చుక్కలు తనవి, రంగు తను కలిపింది, తాళం చెవి తన మొలతాడుకే ఉంది. అనుమానించడానికి ఎటూ సందు లేదు.

పరీక్షరోజు బావమరిది ముందు కొట్టాడు. నవ్వుతూ, ఈలవేస్తూ పద్నాలుగు బంతులు జెండాల మధ్య వేశాడు. తర్వాత మేస్త్రీ నిలబడ్డాడు. తల ఎత్తకూడదని తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు. వెనక బావమరిది బూటు కంకర మీద కరకరలాడింది. మొదటి బంతి కుడివైపు పోయింది. రెండోది నేల మీద పాకింది.

మేస్త్రీ కర్ర దించాడు.

"ఏయ్, ఇటు రా. వెనక కాదు, నాకెదురుగా, ఆ హద్దు తాడు దగ్గర నిలబడు."

"ఎందుకు బావా?"

"నీ బూట్లు నాకు కనపడాలి."

కోచ్ నవ్వు ఆపుకుని, "నిలబడకూడదని నేనేం రూలు పెట్టలేదు" అన్నాడు.

ఇప్పుడు మేస్త్రీ తల వంచితే ముందు బంతి, బంతికి అవతల దూరంగా, గడ్డి పసరు పట్టిన రెండు బూట్లు. అవి అక్కడ కదలకుండా ఉన్నంతసేపూ తల ఎత్తాల్సిన అవసరమే లేదు. కర్ర లేచింది, దిగింది. బంతి పోయాక కూడా అతను ఇంకాసేపు ఆ బూట్లనే చూశాడు. ప్రతి బంతికీ అంతే. మిగిలిన పద్దెనిమిదిలో పదహారు జెండాల మధ్య పడ్డాయి.

"కొత్తవాళ్లకి మొదట ఏం నేర్పుతావు?" అడిగాడు కోచ్.

"తల ఎత్తొద్దని."

"ప్రతివాడికీ ఓ బావమరిది కావాలేమో కోచ్ గారూ" అన్నాడు గడ్డి బండి మనిషి, ఓడిపోయినా హుషారు తగ్గకుండా.

సాయంత్రం షెడ్డు అప్పగించే ముందు మేస్త్రీ జిగురు సీసా మీద గీత గీశాడు. ఇకమీదట ఆ జిగురుతో అతనికి పనిలేదు. అయినా గీశాడు. తాళం వేసి మూడుసార్లు లాగి, బావమరిదితో కలిసి గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక నడక మందగించింది.

"వెళ్లి లాగి రా బావా" అన్నాడు బావమరిది. "నేనిక్కడే ఉంటాను."

మేస్త్రీ వెనక్కి వెళ్లాడు. వెళ్తూ రెండుసార్లు తిరిగి చూశాడు.