తలపైకెత్తి చూడాల్సిన పేజీ

మా గ్రంథాలయం గోడ మీద 'వేలు నాలుకకు అద్ది పేజీలు తిప్పరాదు' అని ఒక అట్ట వేలాడుతుంటుంది. కొత్తగా వచ్చేవాళ్లు అది శుభ్రత కోసం పెట్టారనుకుంటారు. మొన్న ఒకమ్మాయి చూసి, కరోనా రోజుల్లో రాసి ఉంటారు కాబోలు అంది. కాదు. అంతకు చాలా ముందే, నా మూలంగా రాశారు. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే మిగిలాం (అందులో ఒకరికి మతిమరుపు). అందుకే ఇది కాగితం మీద పెట్టక తప్పడం లేదు.

ఆ రోజుల్లో నాకు నా తెలివి మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. ఇంటర్ తప్పి, సత్తెనపల్లి పక్కన మా పిన్నితో కలిసి మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని. కాలేజీ నన్ను వద్దనుకుంది గనుక నేనూ దాన్ని వద్దనుకుని, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని అన్ని బీరువాలూ వరసగా చదివేసి పండితురాలినైపోదామని తీర్మానించుకున్నాను. రెండో బీరువాలో చిత్రకారుల జీవితాలు దొరికాయి. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. చెవి కోసుకున్న ఆయన, పైకప్పుకు బొమ్మలేస్తూ ఏళ్ల తరబడి మెడ నొప్పితో బతికిన ఆయన, మంచం మీంచి లేవలేక అద్దంలో తననే చూసుకుంటూ గీసుకున్న ఆవిడ, వీళ్లందరూ నాకు మేనత్తల కంటే దగ్గరివాళ్లైపోయారు. తొడిమలు తీస్తూ వాళ్ల కష్టాలు చెప్పేదాన్ని. "చెవి కోసుకున్నాడా? వాళ్లమ్మ ఎక్కడ చచ్చింది, ఒక్కటి తగిలించక!" అనేది పిన్ని.

చిక్కల్లా వాళ్ల బొమ్మలతోనే. రంగుల బొమ్మలున్న మూడు పెద్ద పుస్తకాలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేవి. వాటి వీపులు తప్ప ముఖాలు నేనెప్పుడూ చూడలేదు. తాళంచెవి సైలెన్స్ సారు మొలతాడుకు ఉండేది. ఆయన మా గ్రంథపాలకులు. (ఆయన 'సైలెన్స్!' అని అరిచే అరుపు తప్ప అక్కడ వేరే చప్పుడు ఉండేది కాదు.) ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అమ్మాయ్, మిరపకాయల చేతుల్తో ఆ పుస్తకాలా?" అన్నారు. "ముందు పుస్తకమంటే నీకెంత శ్రద్ధో నాకు చూపించు. తర్వాత చూద్దాం."

చూపించాలనే స్క్రాప్‌బుక్కు మొదలుపెట్టాను. పాస్టరుగారింటి పాత క్యాలెండర్లు, ఆదివారం పేపర్లు, పకోడీ పొట్లాలు, వీటిల్లోంచి బొమ్మలు కత్తిరించి లాంగ్ నోట్‌బుక్కులో అంటించాను. ఉత్తినే అంటిస్తే నా పాండిత్యం ఏం కావాలి? పక్కన వాళ్ల కష్టాలు నా మాటల్లో రాశాను. ఎవరి పేజీ వాళ్ల బతుకులా ఉండాలనుకున్నాను. చెవి ఆయన పేజీకి ఒక మూల కోసేశాను. అద్దం ఆవిడ పేజీకి మా ఇంట్లో పగిలిన అద్దం ముక్క అంటించాను. పైకప్పు ఆయన పేజీ మీద 'దీనిని తలపైకెత్తి చూడవలెను' అని రాశాను. పాతకాలం చిత్రకారులు రంగులు తామే నూరుకునేవారని చదివాను గనుక నేనూ నూరుకున్నాను. తెలుపుకు పిడుగురాళ్ల సున్నం, పసుపుకు పసుపు. ఎరుపుకు మాత్రం బాగా ఘాటుండే తేజ మిరపకాయల కారం. పసుపులో సున్నం కలిపితే ఎరుపొస్తుందని నాకు తెలియక కాదు. కానీ దానికి పురుగు జడుస్తుందా? పప్పుల డబ్బాలో పిన్ని ఎండుమిరపకాయలు వేయడం చూసి పెరిగినదాన్ని. అందుకే మైదా జిగురులో దట్టంగా కారం కలిపి, ప్రతి పేజీకీ కింది మూలన ఎర్రటి అంచు దిద్దాను. పుస్తకమంటే శ్రద్ధ అంటే అదీ, అనుకున్నాను.

శనివారం సాయంత్రం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. సారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు (దగ్గరివి ఆయనకు కళ్లజోడు లేకుండానే బాగా కనబడేవి). వేలు నాలుకకు అద్దుకుని మొదటి పేజీ తిప్పారు. మళ్లీ అద్దుకుని రెండోది. నాలుగో పేజీకి ముక్కు ఎగబీల్చారు. ఆరో పేజీకి పెదాలు వణికాయి. చెవి ఆయన చివరి రోజుల గురించి నేను రాసిన పేరా అక్కడే ఉంది మరి!

రోజూ పేపరు మొత్తం చదివితే గానీ కదలని పేపరు తాతయ్య కుర్చీ ముందుకు జరిపాడు. "ఏంటయ్యా, ఏడుస్తున్నావా?"

సారు చెయ్యి ఊపారు, అంతే. పైకప్పు ఆయన పేజీ వచ్చింది. నియమం తప్పని మనిషి. రాసినట్టే పుస్తకాన్ని తలపైకెత్తారు. ఎండిన అంచు పొడిపొడిగా రాలి కళ్లల్లో పడింది. కన్నీళ్లు ధారలు కట్టాయి.

"ఏం రాశావమ్మా!" అన్నాడు తాతయ్య, కండువాతో తన కళ్లు కూడా ఒత్తుకుంటూ. "వాళ్లావిడ పోయినప్పుడు కూడా చూడలేదు ఈయన ఇట్టా ఏడవడం."

నేను తలొంచుకుని వినయంగా నిలబడ్డాను.

"మజ్జిగ!" అని అరిచారు సారు. "మజ్జిగో నీళ్లో, ఏదో ఒకటి తెండర్రా!"

కుండెడు నీళ్లు అయ్యాక, ఎదురు టీకొట్టు నుంచి మజ్జిగ వచ్చాక, ఆయన ఎర్రటి కళ్లతో నన్ను చూశారు. "ఏం కలిపావ్ ఇందులో?"

"తేజ కారం సార్. పురుగు పట్టకుండా."

తాళంచెవి ఇక ఈ జన్మకు దక్కదనుకున్నాను. సారు లేచి, మూల బీరువాలోంచి జల్లెడలా చిల్లులు పడ్డ పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పడేశారు. "పురుగుల మందు పంపమని పై ఆఫీసుకు ఎన్ని ఉత్తరాలు రాశానో! వాళ్లకు పట్టనిది నీకు పట్టింది." మొలతాడు నుంచి తాళంచెవి విప్పారు. "ఇక్కడే కూర్చుని చూడాలి. చేతులు నా ఎదురుగా కడగాలి. సబ్బుతో. రెండుసార్లు."

"మరి మీరు నాలుకతో..." నోరు జారాను.

తాతయ్య పగలబడి నవ్వాడు. సైలెన్స్ అని అరవడానికి సారుకు గొంతు లేదు. సోమవారానికి ఆ అట్ట గోడ మీద ఉంది, ఆయన చేతిరాతతోనే.

ఆ మూడు పుస్తకాల ముఖాలూ చూశాను. పిన్నికి మొదట కారం ఇచ్చినందుకు, తర్వాత తిట్టినందుకు, పాస్టరుగారికి క్యాలెండర్లకు, టీకొట్టు బాబాయికి మజ్జిగకు, పేపరు తాతయ్యకు ఆ కండువాకు, సైలెన్స్ సారుకు ఆ కళ్లకు, ఆ తాళంచెవికి నా కృతజ్ఞతలు. ఇప్పటికీ ఏదైనా చదువుతూ కళ్లు చెమరిస్తే ముందు వేలు వాసన చూసుకుంటాను. అయితే ఆరో పేజీ నుంచి మజ్జిగ దాకా, ఒక అయిదు నిమిషాల పాటు, తన రాత ఒక మనిషిని ఏడిపించిందని నమ్మి తలొంచుకు నిలబడిందే, ఆ పిల్లకూ కృతజ్ఞతలు. అంత గొప్ప రచయిత్రిని నేను మళ్లీ కాలేకపోయాను.