కోళ్ళగంప కింద గరుడ పక్షి

మొన్న ఉదయం కాలవగట్టు మీద నడుస్తుంటే, కొబ్బరిమట్ట మీద వాలిన ఒక పక్షిని మా మనవరాలు ఫోనులో ఫొటో తీసి, దాని పేరూ, ముక్కు నుంచి తోక దాకా కొలతా, ఏ కుటుంబానికి చెందిందో కూడా చదివి వినిపించింది. మా కాలంలో ఇంత జ్ఞానం ఎవరికీ లేదు గానీ మాకూ ఒక లెక్క ఉండేదని ఆ పిల్లకి చెప్పబోయి, నా ఈడు వాళ్ళకైతే సగం చెబితే చాలు కదా అని ఇక్కడ రాస్తున్నాను.

అమలాపురానికి దగ్గర్లోనే మా ఊరు. మా ఇంట్లో పక్షిశాస్త్రమంతా నాయనమ్మదే. పావురమంత ఉంటే డేగ, కోడిపెట్ట కన్నా కాస్త పెద్దగా కనబడితే గద్ద, చచ్చిన గొడ్డు దగ్గర మనిషి మోకాలు దాటి నిలబడితే రాబందు. గద్దల్లో మళ్ళీ రెండు జాతులు. తెల్లటి రొమ్ము, ఇటుకరంగు రెక్కలు ఉన్నది గరుడ పక్షి, అది కనబడితే చేతిలో పని ఆపి దండం పెట్టాలి. ఒళ్ళంతా గోధుమరంగుగా ఉన్నది కోడిపిల్లల దొంగ, దానికి తిట్లు. రెండూ ఇంచుమించు ఒకే సైజు కాబట్టి రంగుని బట్టే మర్యాద.

ఒక ఎండాకాలం పెరట్లో కొబ్బరిచెట్టు మీద, గరుడ పక్షి పక్కన ఒక గోధుమరంగుది వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పటికే కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ముంగిస పనో పిల్లి పనో ఎవరూ చూడలేదు, నేరం మాత్రం దాని మీద పడింది. దేవుడి వాహనం పక్కన దొంగ చేరడం నాయనమ్మకి అసలు గిట్టలేదు. సెలవులకి వచ్చిన మా చిన్నాన్నని పిలిచి, "ఆ తెల్లదానికి తగలకుండా ఈ దొంగపీనుగని కొట్టరా" అంది. చిన్నాన్న గురి మంచిది. ఉండేలు దెబ్బకి అది రెక్క వాల్చుకుని గడ్డివామి పక్కన పడింది.

గరుడ పక్షి పారిపోలేదు. సన్నగా ఏడుస్తున్నట్టు అరుస్తూ పెరటి మీదే తిరిగింది, కాసేపటికి కాలవ నుంచి చేపని తెచ్చి, దెబ్బతిన్నదాని దగ్గర వాలబోయి, మమ్మల్ని చూసి బెదిరి చేపని అక్కడే వదిలేసి ఎగిరిపోయింది.

"అత్తయ్యగారూ, అది దొంగ కాదండి, దాని పిల్లేనండి" అంది మా అమ్మ.

చిన్నాన్న దాని తోక విప్పి చూశాడు. గద్ద తోకలా మధ్యలో చీలి లేదు, విసనకర్రలా గుండ్రంగా ఉంది. తెల్ల రొమ్ము పుట్టుకతో రాదని, పిల్లప్పుడు గరుడ పక్షి కూడా గోధుమరంగులోనే ఉంటుందని, ఏళ్ళ తరబడి ఆ పక్షికి దండాలు పెట్టిన మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

నాయనమ్మ అరుగు మీద కూలబడిపోయింది. ఆవిడ భయపడగా నేను చూడటం అదే మొదలు. అది చచ్చిపోతే ఆ పాపం ఇంటిని వదలదని ఆ పూట అన్నం ముట్టలేదు. కోడిపెట్టని మూసే గంప కింద దాన్ని ఉంచి, రెక్కకి పసుపు రాసి, తన కంచంలోకి రావలసిన చేపముక్కలు పుల్లకి గుచ్చి అందించేది. అది వేలు చీరేసినా పల్లెత్తు మాట అనలేదు. తల్లిపక్షి రోజూ ఆ చెట్టు మీదే కాపలా ఉండేది. చివరికి ఒక పొద్దున గంప ఎత్తగానే అది తడబడుతూ పరిగెత్తి, పాక కప్పు ఎక్కి, అక్కడినుంచి కొబ్బరిచెట్టు అందుకుని తల్లి పక్కన చేరింది. నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ జాతుల లెక్క ఎత్తేసింది. తోక చీలిన అసలు గద్ద కోడిపిల్లని తన్నుకుపోతున్నా, ముందు దండం పెట్టి తర్వాతే తిట్టేది. "ఎవరి బిడ్డో ఏంటో, మనకేం తెలుసురా" అనేది.

ఇప్పుడు పెరళ్ళలో కోళ్ళు లేవు, రాబందుని చూసి ఎన్నేళ్ళయిందో గుర్తే లేదు. ఏది ఏదో చెప్పడానికి ఫోను ఉంది కాబట్టి పొరపాటు పడే బాధా లేదు, అలా పొరపాటు పడి మెత్తబడే మనుషులూ తగ్గిపోయారనిపిస్తుంది. మొన్న గట్టు మీద చూసింది మామూలు గద్దేనని మా మనవరాలి ఫోను తేల్చింది. అప్పటికే నేను చేతులు జోడించి ఉన్నాను, దించబుద్ధి కాలేదు.