బాపు ధోవతి ముక్కలు

మా ఊరివాళ్లనడిగితే ఆ అడవిపందిని కొట్టింది అప్పటికే చనిపోయిన మా బాపు అంటారు. అబద్ధం. కొట్టింది మా మేనమామ, వెలుతురు ఉండగానే, నేను చూస్తుండగానే. దయ్యాలు తుపాకి పట్టవని ఎవరితోనైనా వాదిస్తాను.

నిర్మల్ వైపు అడవి అంచున మా చేను. బాపు పోయిన ఏడు ఇంటిల్లిపాది తిండికీ ఆ జొన్నే ఆధారం. పంది దానికి రుచి మరిగింది. తరమబోయిన జీతగాని తొడ చీల్చింది. ఇంట్లో ఉన్నదేమో మూతిలోంచి మందు కూరే బాపు భర్మార్ రైఫిలు. ఒకసారి పేలితే మళ్లీ కూరేదాకా పంది ఆగుతుందా? మొదటి దెబ్బ తప్పితే జొన్న పోతుంది, మామ కూడా పోవచ్చు.

అందుకని మామ మధ్యాహ్నాలు మోదుగు చెట్టుకు సున్నపు చుక్క పెట్టి గురి సరిచేయడం మొదలుపెట్టాడు. మందు పెంచాడు, తగ్గించాడు. గుండు ఒకసారి పక్కకు, ఒకసారి నేలకు. ఆ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండుకు చుట్టిన గుడ్డ వాటిని బిగించి పట్టుకుంటేనే దెబ్బ తిన్నగా పోతుంది. పేలాక ఎగిరిపడిన గుడ్డముక్కలను నేను ఏరి తెచ్చేదాన్ని. మిల్లుగుడ్డ కాలి చిల్లులు పడేది. సంచిగుడ్డ గొట్టంలో దిగేదే కాదు.

"అక్కా, బావ ఏం గుడ్డ పెట్టెటోడు?" అన్నాడు మామ.

అవ్వ, అంటే మా అమ్మ, లోపలినుంచి బాపు పాత నేతధోవతి తెచ్చింది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరు, చాకలికి ఇచ్చేస్తారు. అన్నీ ఇచ్చేసిందనే అనుకున్నాం.

"గిది ఇంట్ల పెట్టుకున్నవా? బుద్ధున్నదా నీకు?"

"నీకు గురున్నదా? జర గది చూస్కో."

ఆ ముక్కతో గుండు చుక్క మధ్యలో దిగింది. రెండోదీ దాని పక్కనే. గుడ్డలు కాలలేదు, చిరగలేదు. గాలి లేదు. మందు పొగ తుపాకి ముందు మనిషెత్తున నిలబడిపోయింది. చేనులో ఒక్క పిట్ట కూయలేదు. అవ్వ ఆ పొగనే చూస్తూ కత్తెర తీసుకుని, "ఇంకొక్కటి తీస్కుంటున్న" అంది మెల్లగా.

"ఎవలతోని మాట్లాడుతున్నవే అవ్వా?"

"నీతోనైతే కాదు."

పొద్దు వాలుతుండగా పంది జొన్నలోంచి బయటికొచ్చింది. మామ ఎదురుగానే ఉన్నాడు, అది మాత్రం ఆయన పక్కనున్న ఖాళీ వైపు చూస్తూ ఆగిపోయింది. మామ కొట్టాడు. పడింది. జొన్న ఇంటికొచ్చింది. అక్కడినుంచే ఊళ్లో కథ పుట్టింది.

ఉతికి ఉతికి గంజి వదిలి మెత్తబడిన గుడ్డ, గొట్టానికి మందం సరిపోయింది, అంతే అన్నాను. ఎవరూ వినలేదు. రుజువు చేద్దామని ఆ ధోవతి నేసినాయన చేతే, అదే నూలుతో ఇంకొకటి నేయించాను. మెత్తబడేదాకా ఉతికించి మామకు ఇచ్చాను. అదే తుపాకి, అదే మందు. గుండు చెట్టుకే తగల్లేదు. మిగిలిన పాత ముక్క పెట్టి మళ్లీ కొట్టాడు. చుక్క మధ్యలో దిగింది.

"సదువుకున్నదానివి గదా కోడలా, చెప్పరాదు," అన్నాడు.

కొట్టకముందే రెండు గుడ్డలనూ వేళ్ల మధ్య నలిపి చూశాను, వెలుగుకు పట్టి చూశాను. నాకు ఏ తేడా దొరకలేదు. మరి గుండుకు ఎట్లా దొరికింది?