అన్‌ఫిన్ బీరుకు మోన్స్ పెట్టిన వంకలు

మా ఆయన చివరిసారిగా చేసిన మామూలు పని, వంటింటి గుమ్మంలో నిలబడి "గూరో, కాఫీ ఘుమఘుమలాడిపోతోంది" అనడం.

పొయ్యి మీద కాఫీ లేదు. డబ్బా ముందురోజే అడుగంటింది. కాగుతున్నవి గుడ్డలు నానబెట్టడానికి పెట్టిన నీళ్ళు.

"నీళ్ళయ్యా అవి! పొగిడే ముందు గిన్నెలోకి ఒకసారి తొంగి చూడకూడదూ?" అన్నాను.

రోజూ పొద్దున్నే అదే మాట, అదే గుమ్మంలో. బస్సులో స్టాపు పేరు చెప్పినట్టు చెప్పేవాడు. ఆయన నవ్వాడు, బూట్లు తొడుక్కున్నాడు, నిన్న తోడు వేసిన బీరు చూసి వస్తానని పెరట్లోని పొయ్యింటికి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే తిట్టడానికి వెళ్ళాను. పీపా పక్కన కూలబడి ఉన్నాడు. చెక్క మూత ఇంకా చేతిలోనే ఉంది.

మా ఆయన అన్‌ఫిన్ బతుకంతా వోస్ లోయలో బస్సు నడిపాడు. పైకొకసారి, కిందికొకసారి. ఆ ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని పొగిడింది లేదు, తిట్టిందీ లేదు. ఆ లోటు తీర్చుకోవడానికే బీరు కాచేవాడని నా అనుమానం. సెలవు దొరికితే చాలు, కొండమీదికి పోయి జునిపర్ అనే ముళ్ళపొద కొమ్మలు నరుక్కొచ్చేవాడు. వాటిని రాగి కాగులో మరిగించి, ఆ నీళ్ళలో బార్లీ నానబెట్టి, వడగట్టి, మళ్ళీ పగలంతా మరిగించేవాడు. కొట్టులో సీసా కొంటే అరక్షణంలో అయ్యే పనికి ఇంత తతంగం. పొగకి కళ్ళు ఎర్రబడి, గడ్డానికి మసి పట్టి, ఏదో రాజ్యం గెలిచినవాడిలా లోపలికి వచ్చేవాడు.

అన్నిటికంటే సిగ్గుచేటు తోడు వేసే ఘట్టం. పాలకి తోడు వేసినట్టు బీరుకీ ఈస్ట్ వెయ్యాలి. మా ఆయన తోడు వాళ్ళ తాతల నాటిది. ఆరబెట్టి, కాగితంలో చుట్టి, మా ఫ్రీజరులో బఠాణీల పక్కన దాచేవాడు. అది వేసేటప్పుడు పీపాలోకి తల దూర్చి గొంతు చించుకుని అరవాలి. ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత ఘాటుగా వస్తుందట. అరవై దాటిన మనిషి పీపాలోకి వంగి పొలికేక పెడుతుంటే నేను కిటికీలు మూసేదాన్ని. పోస్టుమాన్ ఒకసారి ఎవరో చచ్చారనుకుని ఉత్తరాలు దారిలో పారేసి పరిగెత్తుకొచ్చాడు.

ఈ వెర్రిని చూసి నేర్చుకోవడానికి బెర్గెన్ నుంచి పట్నపు కుర్రవాళ్ళు వచ్చేవారు. జేబునిండా థర్మామీటర్లు. ఒకడైతే మా పొయ్యింటి గోడ మసిని సీసాలో పట్టుకెళ్ళాడు. బీరు చుక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "తేనె, ఎండుగడ్డి, ఏదో చిన్ననాటి జ్ఞాపకం" అనేవారు. వాళ్ళ చిన్నతనమంతా లిఫ్టుల్లో గడిచిందని మాకందరికీ తెలుసు.

పీపా విప్పే రోజు లోయలో ఎవరూ ఎవరినీ పిలవరు. పొగ చూసి లెక్కగట్టి వాళ్ళే వచ్చేస్తారు. రంగులు వేసిన చెక్కగిన్నె చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతుంది. తాగినవాడు మూతి తుడుచుకుని "ఫరవాలేదు" అంటాడు. మంచి బీరుకీ అదే మాట, పాడు బీరుకీ అదే మాట. ఊరికే కడుపు నింపుకోవడానికి వచ్చినవాళ్ళకి అంతకంటే మాటలు ఎక్కడ దొరుకుతాయి?

మోన్స్ ఒక్కడే వేరు. నది అవతల గొర్రెలు పెంచుకుంటాడు, తనూ బీరు కాస్తాడు, తనకంటే బాగా ఎవడికీ రాదనుకుంటాడు. గిన్నె తన చేతికి రాగానే అందరికీ వినపడేలా మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్ అన్‌ఫిన్, ఇది బీరా, తడిసిన గొర్రెని పిండిన నీళ్ళా? పొగ వాసన తప్ప ఇంకేమైనా ఉందా ఇందులో? మీ తాత తోడులో నారింజ తొక్క వాసన ఉండేదిరా. దాన్ని ఎక్కడ పూడ్చిపెట్టావు?"

బల్ల చుట్టూ జనం పగలబడి నవ్వేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆయన మాత్రం చర్చిలో ప్రసంగం వింటున్నట్టు తల వంచుకుని వినేవాడు. విని ఊరుకుంటాడా!

"పొగ మరీ ఎక్కువా, కొంచెం ఎక్కువా?" అని అడిగేవాడు.

"మరీ ఎక్కువరా దున్నపోతా! తడి కట్టెలు పెట్టి ఉంటావు."

తిట్టు చాలక దాని కొలత కూడా కావాలి ఆయనకి. అందరూ వెళ్ళాక "నీకు వెన్నెముక ఉందా అసలు? ఇంకోసారి వాణ్ణి గడప తొక్కనిచ్చావంటే చూడు" అనేదాన్ని. "మోన్స్ లేకుండా పీపా ఎలా విప్పుతాం గూరో?" అనేవాడు, పెళ్ళికి పాస్టరు లేకపోతే ఎలా అన్నట్టు. ఇలాంటి మనిషితో నేనేం పోట్లాడను? పక్కనే గంజి మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతున్నా పేపరు దించని మనిషి.

సరే, చనిపోయాడు. ఇక మా లోయలో చావింటికి బీరు కావాలి. బతికి ఉండగా బీరు కాచినవాడి చావుకి కొట్టు సీసాలు పెడితే ఆ ఇంటి పరువు ఆ పూటే పోతుంది. ఆయన తోడు వేసి వదిలిన పీపా ఉండనే ఉంది. ఆయన పేరు మీద లోయ అంతా తాగబోయే ఆఖరి బీరు అది. చర్చిలో ఎవరేం మాట్లాడినా ఎవరికీ గుర్తుండదు, ఈ పీపా మాత్రం గుర్తుంటుంది. అది బాగుండాలి. నాకు కావలసింది అదొక్కటే.

పూడ్చడానికి ముందురోజు మధ్యాహ్నం మోన్స్ వచ్చాడు. పలకరింపు లేదు, ఓదార్పు లేదు. నేరుగా పొయ్యింట్లోకి వెళ్ళి పీపా మూత ఎత్తాడు. వెనకే వెళ్ళాను.

"గూరో, ఇది పొయ్యకు."

"ఇవాళైనా నీ నోరు మూతపడదా మోన్స్? ఆయన ఇంకా మట్టిలోకైనా వెళ్ళలేదు!"

"బూజు కంపు కొడుతోంది. పీపాలోనే బూజు. కడిగేటప్పుడు కనిపెట్టలేకపోయాడు."

"ఆయన కనిపెట్టలేనిది నువ్వు కనిపెట్టావా?"

"నన్ను నమ్మకు. నీ ముక్కు పెట్టు."

నేను బీరు తాగను. ఆ పీపాల మీద పంతంతో చుక్క కూడా ఏనాడూ ముట్టలేదు. ఆ రోజు వంగి వాసన చూశాను. ఎన్నాళ్ళో తలుపు తియ్యని బంగాళాదుంపల నేలమాళిగలోకి దిగినట్టుంది. ఎవరికైనా తెలిసిపోయే కంపు.

మోన్స్ మూత పెట్టేసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ట్రాక్టరు మీద గోనెలు కప్పి తను కాచిన బీరు పీపా తెచ్చాడు. ఇద్దరం కలిసి మా ఆయన బీరుని పెరటి వెనక పారబోశాం. మోన్స్ పీపా ఆయన పీపా చోట నిలబెట్టాం.

"ఎవరికైనా తెలిస్తే?" అన్నాను.

"ఎవరికి తెలుస్తుంది? ఆ ఫరవాలేదుగాళ్ళకా?"

మర్నాడు లోయ అంతా వచ్చింది. ఉప్పుమాంసం, పల్చటి రొట్టెలు, మీగడ గంజి. వాటి మధ్య చెక్కగిన్నె తిరిగింది. బస్సు ఆఫీసు పెద్దమనిషి రెండుసార్లు నింపుకుని, "ఇన్నేళ్ళలో అన్‌ఫిన్ చేసినవాటిలో ఇదే గొప్పది" అన్నాడు. ఏ ఏడూ మా గడప తొక్కని మనిషి అతను. బెర్గెన్ కుర్రవాడు కళ్ళు మూసుకుని, "ఈ చెయ్యి ఇంకెవరికీ రాదండీ, ఇది ఆయనదే" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపి ఫరవాలేదన్నారు. వాళ్ళ మొహాలు చూస్తుంటే దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. అయినా పరువు నిలబడింది కదా అనుకున్నాను.

అప్పుడు గిన్నె మోన్స్ చేతికి వచ్చింది. లేచి నిలబడ్డాడు. ఖాళీగా ఉన్న మా ఆయన కుర్చీ వైపు తిరిగాడు.

"ఒరేయ్ అన్‌ఫిన్! జునిపర్ ఎక్కువైందిరా, దగ్గుమందు తాగినట్టుంది. పొగ సరిగ్గా ఉంది. నారింజ తొక్క ఉంది గానీ వెనక ఎక్కడో నక్కి కూర్చుంది. ఇంకొంచెం వేడి మీద తోడు వెయ్యాల్సింది, దున్నపోతా!"

గది చల్లబడిపోయింది. పాస్టరు దగ్గాడు. "చావింట్లో కూడానా?" అని ఎవరో గొణిగారు. మోన్స్ గిన్నె ఖాళీ చేసి కూర్చున్నాడు.

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఆ బీరు కాచింది తనే. లోయలో అందరికంటే బాగా కాస్తానని విర్రవీగే మనిషి, తన బీరుని నలుగురిలో ఎందుకు తిట్టుకుంటాడు? జనం వెళ్ళాక, గిన్నెలు కడుగుతూ అదే అడిగాను.

"అలవాటు," అన్నాడు, గుడ్డతో గిన్నె తుడుస్తూ. "వాడి బల్ల దగ్గర నిలబడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది."

"ఆ పాడు అలవాటు ఎవరు నేర్పారు నీకు?"

"వాడే. తీపీ చేదూ అయితే నాలుకకి తెలుస్తాయి. మిగతావి ఎవరో ఒకరు చెప్పాలి కదా వాడికి. పక్కకి పిలిచి చెబితే జనానికి అనుమానం వస్తుందట. అందుకని అందరి ముందే తిట్టరా, కాస్త పనికొచ్చేలా తిట్టు అన్నాడు."

"ఎవరో చెప్పడమేమిటి? ఆయనకి ముక్కు లేదా?"

మోన్స్ చేతిలో గుడ్డ ఆగింది.

"నీకు చెప్పలేదా? వాడికి వాసన తెలీదు గూరో. బస్సు దిగుతూ మంచు మీద వెల్లకిలా పడ్డాడు చూడు, అప్పట్నుంచీ. ఇక తిరిగి రాదని డాక్టరు కూడా చెప్పాడట."

ఆ పడడం నాకు గుర్తుంది. ఆస్పత్రి నుంచి తలకి కట్టుతో వచ్చాడు. మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "గూరో, కాఫీ ఘుమఘుమలాడిపోతోంది" అన్నాడు.

అంతకుముందు మా కాపురంలో ఆయన నా కాఫీ గురించి ఒక్క మాటా అనలేదు.